‘రెజల్యూట్’ అంటే మొండివాడేనా?

ప్రతి ఏటా వార్షికోత్సవ సంచిక పని మొదలవగానే వార్డెన్ సార్ దగ్గర నుంచి పూర్వ విద్యార్థులకు ఫోన్లు వస్తాయి. ‘‘మీ హాస్టల్ రోజుల గురించి ఏదైనా రాసి పంపండయ్యా, పిల్లలు చదువుకుంటారు’’ అంటారు. మేమందరం ఒకచోట కూర్చుని ఏం రాద్దామా అని ఆలోచిస్తే నీళ్ళచారు, ట్రంకు పెట్టెలు, స్నానాల గదుల ముందు క్యూ, ఇవే గుర్తొస్తాయి. వాటి మీద ఇప్పటికే చాలామంది రాశారు. అందుకని ఈసారి ఒక్క ఇంగ్లిష్ మాట గురించి రాస్తున్నాం. గ్రామర్ పాఠం అనుకుని పేజీ తిప్పేయకండి తమ్ముళ్ళూ! ఈ మాట వెనక మన గుడిమల్కాపూర్ హాస్టల్లో జరిగిన ఒక గొడవ ఉంది. ఆ గొడవలో మేమూ ఉన్నాం.

మేము ఇంటర్, డిగ్రీ చదువుతున్న రోజులవి. పూల మార్కెట్ జాంబాగ్ నుంచి మన గుడిమల్కాపూర్‌కు వచ్చి ఇంకా ఎంతో కాలం కాలేదు. స్కూళ్ళలో తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం పక్కపక్క గదుల్లో నడిచేవి. తొమ్మిదో తరగతి తమ్ముడు ఒకడు ఎనిమిది దాకా తెలుగు మీడియంలో చదివి, ఆ ఏడాది తనే అడిగి ఇంగ్లిష్ మీడియంలో కూర్చున్నాడు. క్వార్టర్లీ పరీక్షల్లో లెక్కల్లో, సైన్సులో తప్పాడు. ‘‘నీ వల్ల కాదు, తిరిగి తెలుగు మీడియంలోకి పో’’ అన్నారు బళ్ళో. వాడు పోనన్నాడు. రెండోసారి పిలిచి చెప్పారు. అప్పుడూ పోనన్నాడు. నెలాఖరుకు ప్రోగ్రెస్ కార్డు చేతికొచ్చింది. ప్రవర్తన అనే గడిలో ఎర్ర ఇంకుతో ఒకే మాట: ‘ఆబ్‌స్టినేట్’.

ఆ రాత్రి స్టడీ అవర్లో వాడు కార్డు పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ‘‘అన్నా, గీ మాటకు అర్థమేంది? అమ్మతోని సంతకం పెట్టియ్యాలె. మంచిదా, చెడ్డదా?’’ అన్నాడు. వాళ్ళమ్మ మార్కెట్లో దండలు గుచ్చే పనికి వచ్చేది. చదువు రాదు. కొడుకు చెప్పిన అర్థాన్నే నమ్ముతుంది. అందుకే వాడు సరైన అర్థం తెలుసుకుని వెళదామనుకున్నాడు. ఇంకొకడైతే ‘మంచోడు అని రాసిండ్రు’ అని చెప్పి వేలిముద్ర వేయించుకుని వచ్చేవాడు (మాలో ఒకరు ఆ పని చేసినవారే!).

మా దగ్గర అట్టలు ఊడిపోయిన ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు ఒకటి ఉండేది. ‘ఆబ్‌స్టినేట్’ చూశాం. మొండి, పట్టుదల గల, వంచలేని అని ఉంది. మాలో ఒకరు ‘‘పట్టుదల అంటే మంచిదే కదరా, సంతోషించు’’ అన్నారు. ఇంకొకరికి అనుమానం వచ్చి ‘రెజల్యూట్’ అన్న మాట కూడా తీశారు. దృఢ నిశ్చయం గల, పట్టుదల గల అని ఉంది. రెండింటికీ పట్టుదలే! ఒకటి తిట్టు, ఒకటి మెప్పు. నిఘంటువులో మాత్రం ఒకే తెలుగు మాట. గొడవంతా అక్కడే మొదలైంది. వాడు మొండివాడా, దృఢమైనవాడా అని రాత్రి పదకొండింటి దాకా రెండు జట్లుగా వాదించుకున్నాం. వాచ్‌మన్ తాత వచ్చి లైట్లు ఆర్పేశాడు.

ఆ రోజు మాకు తెలియని సంగతులు కొన్ని తర్వాత చదువుల్లో, ఉద్యోగాల్లో తెలిశాయి. వాటినే ఇప్పుడు మీతో పంచుకుంటున్నాం.

ముందు పలకడం నేర్చుకుందాం. చాలామంది ‘రిసొల్యూట్’ అంటారు. అది తప్పు. ‘రె’ మీద ఒత్తి పలకాలి, మధ్యలో ఉన్న ‘ఎస్’ అక్షరం ‘జ’లా వినపడాలి: రెజల్యూట్. దీని క్రియ ‘రిజాల్వ్’, నామవాచకం ‘రెజల్యూషన్’. జనవరి ఒకటిన డైరీలో రాసుకుని సంక్రాంతికల్లా మరిచిపోయే న్యూ ఇయర్ రెజల్యూషన్ ఇదే. పంచాయతీ, అసెంబ్లీ చేసే తీర్మానమూ ఇదే. పనిని గట్టి నిశ్చయంతో చేస్తే ‘రెజల్యూట్లీ’ చేశాడంటారు. దీనికి వ్యతిరేకం ‘ఇర్రెజల్యూట్’, అంటే ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడేవాడు. రెగ్యులర్ ముందు ‘ఇర్’ చేరి ఇర్రెగ్యులర్ అయినట్టే ఇదీ అయింది.

ఈ మాట పుట్టుక చిత్రంగా ఉంటుంది. లాటిన్‌లో ‘రిసాల్వెరె’ అంటే విప్పడం, సడలించడం, కరిగించడం. కెమిస్ట్రీలో మీరు చదివే సొల్యూషన్, సాల్వెంట్, డిజాల్వ్ అన్నీ దీని చుట్టాలే. 15వ శతాబ్దపు ఇంగ్లిష్‌లో రెజల్యూట్ అంటే కరిగిపోయిన, సడలిన అనే అర్థమే ఉండేది! 16వ శతాబ్దానికి వచ్చేసరికి అది గట్టి నిశ్చయం గల అనే అర్థంలోకి మారింది. కరిగిపోయినది గట్టిపడటం ఏమిటని ఆశ్చర్యపోకండి. చిక్కు లెక్కను విడగొట్టి, విడగొట్టి చివరకు జవాబు తేల్చినట్టు, మనసులోని సందేహాన్ని విప్పుకుంటూ పోయి ఒక నిర్ణయానికి రావడమే రిజాల్వ్. ముడి విప్పుకున్నవాడే రెజల్యూట్. వాడి గట్టితనం సందేహాలను ఎదుర్కొని తేల్చుకున్నందువల్ల వచ్చింది.

‘ఆబ్‌స్టినేట్’ పుట్టుక వేరు. దాని లోపల నిలబడటం అనే అర్థం ఉంది. అడ్డంగా నిలబడిపోవడమన్నమాట. అందులో విప్పుకోవడం అన్నది ఎక్కడా లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాడిని ఇంగ్లిష్‌లో ఏమనాలంటే ఈ మాటే సరిపోతుంది. వాడికి నాలుగో కాలు చూపించినా చూడడు.

మన తెలుగులో ఈ తేడా లేదా అంటే, ఉంది. నిఘంటువులోనే సరిగ్గా పడలేదు. ‘పట్టువిడుపు’ అన్న మాట మన పెద్దలు రోజూ వాడేదే. ‘వాడికి పట్టే గానీ విడుపు లేదు’ అంటే మొండివాడు. పట్టూ తెలిసి, ఎక్కడ విడవాలో కూడా తెలిసినవాడు రెజల్యూట్. లాటిన్‌వాళ్ళ ‘విప్పడం’ మన ‘విడుపు’లో ఉండనే ఉంది చూడండి. పట్టు గురించి వేమన చెప్పిన పద్యం అందరికీ కంఠతా వచ్చు. అందులో పట్టి విడవకూడదన్న సంగతే మనం గుర్తుపెట్టుకుంటాం. ఆయన అంతకంటే ముందు, అసలు తొందరపడి పట్టు పట్టకూడదన్నాడు. ఆ మొదటి సగం మరిచిపోయినవాళ్ళే మొండివాళ్ళవుతారు.

ఇదే కుటుంబంలో ఇంకో మాట ఉంది, ‘డిసైసివ్’. దీన్నీ రెజల్యూట్‌నూ కలిపేయకూడదు. డిసైడ్ అనే మాట కోయడం అనే అర్థం నుంచి వచ్చింది. బయాలజీలో ముందు పళ్ళను కుంతకాలు అంటాం, ఇంగ్లిష్‌లో ఇన్సైజర్స్. అవీ ఇవీ ఒకే మూలంలోవి. తెలుగులో మనం ‘తెగేసి చెప్పాడు’ అంటాం. తెగువ, తెగించడం అన్నీ తెగడంలోంచి వచ్చినవే. లాటిన్‌వాడికీ తెలుగువాడికీ పరిచయం లేకపోయినా నిర్ణయమంటే కోత అన్న ఊహ ఇద్దరికీ వచ్చింది.

డిసైసివ్ అంటే ఏమిటో చూడాలంటే తెల్లవారుజామున మన పూల మార్కెట్‌కు వెళ్ళండి. చేవెళ్ళ, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు నుంచి రైతులు బంతి, చామంతి గోనెసంచుల్లో, బుట్టల్లో తెస్తారు. కమీషన్ ఏజెంట్ దగ్గర కుప్ప పోస్తారు. చిల్లర వ్యాపారం చేసే అక్కలు వచ్చి ఒక గుప్పెడు తీసి, తొడిమ నలిపి, తడి చూసి, ధర అడిగి, అక్కడికక్కడే తేల్చేస్తారు. ఆలోచించుకుని మధ్యాహ్నం వస్తామంటే కుదరదు. ఎండెక్కితే పువ్వు వాడుతుంది, ధర పడిపోతుంది. బతుకమ్మకు ముందు రోజుల్లో అయితే నిమిషాల్లో బేరం తెగాలి. వాళ్ళు డిసైసివ్. అదే అక్క బంతి ధర పడిపోయిన నెలలో కూడా, వాన పడినా, చేతిలో పెట్టుబడి లేకపోయినా, పిల్ల చదువు అయ్యేదాకా ఈ పని వదలనని పదేళ్ళు నాలుగింటికే లేచి వస్తే అది రెజల్యూట్. ఒకటి క్షణానిది, ఇంకొకటి ఏళ్ళది.

అందుకే డిసైసివ్ మనుషులకే కాక సంఘటనలకూ వాడతారు. సిరీస్‌ను తేల్చే ఆఖరి మ్యాచ్ డిసైసివ్ మ్యాచ్. ఒక్క ఓటుతో ఫలితం తేలితే అది డిసైసివ్ ఓటు. పేపర్లలో ‘నిర్ణయాత్మక’ అని రాస్తారే, అది. రెజల్యూట్ మ్యాచ్ అని మాత్రం అనకూడదు. మ్యాచ్‌కు మనసు లేదు కదా. మనిషికి గానీ, మనిషి చేసే పనికి గానీ, ముఖంలో కనపడే భావానికి గానీ ఈ మాట వాడాలి. రెజల్యూట్ లీడర్, రెజల్యూట్ అపోజిషన్, రెజల్యూట్ ఫేస్ అన్నీ సరైనవే.

ఓడకు పెట్టిన సందర్భం మాత్రం ఒకటుంది. హెచ్.ఎం.ఎస్. రెజల్యూట్ అని బ్రిటిష్ నౌక. ఉత్తర ధ్రువం వైపు మంచులో ఇరుక్కుంటే 1854లో పైఅధికారి ఆజ్ఞతో నావికులు దాన్ని వదిలేసి వచ్చారు. మనుషులు లేని ఆ ఓడ మంచుతో పాటు కొట్టుకుపోయి 1855లో ఒక అమెరికా తిమింగలాల వేట నౌకకు దొరికింది. అమెరికా దాన్ని బాగుచేసి 1856లో విక్టోరియా రాణికి తిరిగి ఇచ్చింది. తర్వాత దాన్ని విప్పేసినప్పుడు ఆ కలపతో బల్ల చేయించి 1880లో అమెరికా అధ్యక్షుడికి కానుకగా పంపారు. వైట్‌హౌస్ ఫోటోల్లో కనిపించే ‘రెజల్యూట్ డెస్క్’ అదే. మనుషులు వదిలేసినా ఓడ పేరు నిలబెట్టుకుంది!

ఇక రెజల్యూట్‌కూ ఆబ్‌స్టినేట్‌కూ తేడా ఎక్కడ తేలుతుందో చూపించడానికి మాకు తెలిసినంతలో మహాడ్‌ను మించిన ఉదాహరణ లేదు. బాబాసాహెబ్ చవదార్ చెరువులో నీళ్ళు తాగారని మనందరం ఉపన్యాసాల్లో చెబుతాం. ఆ తర్వాత జరిగింది చెప్పం. మొదటి నుంచీ చూద్దాం. ప్రభుత్వ డబ్బుతో కట్టిన బావులు, చెరువులు అంటరానివారికీ అందుబాటులో ఉండాలని 1923లో బొంబాయి శాసన మండలి బోలే ప్రతిపాదించిన తీర్మానం చేసింది. అంటే రెజల్యూషన్ కాగితం మీద వచ్చింది. మహాడ్ పురపాలక సంఘం కూడా చెరువు అందరిదీ అని తీర్మానించింది. ఆ రెజల్యూషన్ అమలులో పెట్టడానికి రెజల్యూట్‌గా నిలబడినవారు మాత్రం లేకపోయారు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలాది మందితో నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగారు. తర్వాత ఆ జనం మీద దాడులు జరిగాయి. చెరువును ‘శుద్ధి’ చేశారు.

అదే ఏడాది డిసెంబరులో మళ్ళీ మహాడ్‌లో సత్యాగ్రహ సభ పెట్టారు. ఈలోగా అవతలివాళ్ళు కోర్టుకు వెళ్ళి, అంటరానివారు చెరువు దగ్గరికి రాకూడదని తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు తెచ్చుకున్నారు. డిసెంబరు 25న సభలో మనుస్మృతిని తగలబెట్టారు. వచ్చిన జనం జైలుకైనా పోతాం, చెరువుకే పోదాం అన్నారు. అప్పుడు అంబేడ్కర్ ఏం చేశారు? ఈసారి చెరువులోకి దిగవద్దని వాళ్ళకు నచ్చజెప్పారు. జనం ఊరేగింపుగా చెరువు వైపు నడిచి, నీళ్ళు ముట్టకుండా తిరిగి వచ్చారు. ఆ రోజు చూసినవాళ్ళలో కొందరికైనా ఆయన వెనక్కి తగ్గినట్టే అనిపించి ఉంటుంది. కానీ ఆయన ఆ కేసును వదలలేదు. కింది కోర్టు, పై కోర్టు, హైకోర్టు అంటూ నడిచి 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టులో ఆ చెరువు మీద మన హక్కు గెలిచింది. పదేళ్ళు! దారి మార్చుకున్నారు, చెరువును మాత్రం వదలలేదు. మొండివాడైతే ఆ డిసెంబరులోనే జనాన్ని తీసుకుని లాఠీల మీదికి వెళ్ళేవాడు. పట్టులో విడుపు ఎక్కడ ఉండాలో ఇక్కడ చూడండి.

మీ సాంఘిక శాస్త్రం పుస్తకం మొదట్లో అచ్చయ్యే రాజ్యాంగ పీఠిక ఇంగ్లిష్‌లో ఒకసారి చదవండి. భారత ప్రజలమైన ‘మేము’ అని మొదలవుతుంది. ఆ మేము చేసే పనికి అక్కడ వాడిన క్రియ ‘రిజాల్వ్’. తెలుగులో ‘తీర్మానించుకొని’ అని చదువుకుంటాం. 1949 నవంబరు 26న రాజ్యాంగ సభ దాన్ని ఆమోదించే ముందు దాదాపు మూడేళ్ళు ఒక్కో వాక్యం మీద వాదించుకున్నారు, సవరణలు పెట్టుకున్నారు. ముళ్ళన్నీ విప్పుకున్న తర్వాతే ఆ తీర్మానం జరిగింది.

రెజల్యూట్ అంటే గట్టిగా అరిచేవాడు, బల్ల గుద్దేవాడు అని కూడా అనుకోవద్దు. పాత విద్యార్థులకు ఎస్.ఆర్. శంకరన్ గారి పేరు చెప్పనక్కరలేదు. తమ్ముళ్ళ కోసం చెబుతున్నాం. 1934లో తమిళనాడులో పుట్టిన ఐ.ఎ.ఎస్. అధికారి. ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖను నడిపారు. మన హాస్టళ్ళు, గురుకులాలు ఈ మాత్రం నిలబడ్డాయంటే ఆయన చేయి ఉంది. మాట మెత్తన. గొంతు లేచేది కాదంటారు తెలిసినవాళ్ళు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాక, మీరు ఎవరికీ బాకీ లేరని ఊళ్ళలోకి వెళ్ళి వెట్టి కూలీలకు చెప్పేవారు. అది అప్పటి ముఖ్యమంత్రికి నచ్చలేదు. శంకరన్ గారు వాదన పెంచుకోలేదు, తన పద్ధతీ మార్చుకోలేదు. సెలవు పెట్టి తప్పుకున్నారు. త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి పిలిచి అక్కడ ప్రధాన కార్యదర్శిని చేశారు. పెళ్ళి చేసుకోలేదు. జీతంలో, తర్వాత పెన్షన్‌లో చాలా భాగం పేద పిల్లల చదువులకే పోయేది. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో కన్నుమూశారు. అంత మెత్తని మనిషికి ‘ఆబ్‌స్టినేట్’ అనే మాట అతకదు, ‘రెజల్యూట్’ అతుకుతుంది.

గురుకులం పిల్లలే ఇంకో ఉదాహరణ. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి సాధనపల్లి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుతూ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ళ పదకొండు నెలలు. టిబెట్ వైపు నుంచి ఎక్కారు. అంతకు నెల ముందే, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచు చరియలు విరిగిపడి 16 మంది చనిపోయారు. ఆ వార్త తెలిసి కూడా ఎక్కారని మనం గొప్పగా చెప్పుకుంటాం. మేము చూసేది వేరే సంగతి. భువనగిరి రాళ్ళ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో నెలల తరబడి శిక్షణ తీసుకున్నాకే ఆ పిల్లలు కొండ దగ్గరికి వెళ్ళారు. కొండలెక్కేవాళ్ళకు ఒక నియమం ఉంటుందట, ఇన్ని గంటలకల్లా శిఖరం చేరకపోతే ఎంత దగ్గరున్నా వెనక్కి తిరగాలని. ఆ గంట ముందే నిర్ణయించుకుంటారు. పూర్ణ ఎవరెస్ట్‌తో ఆగలేదు, 2022లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తి చేసింది. ఇంగ్లిష్‌లో రాయాలంటే ‘పూర్ణ వాజ్ రెజల్యూట్’ అని రెండో ఆలోచన లేకుండా రాయవచ్చు.

వాడుకలో మన పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇక్కడే చెప్పేస్తాం. ‘షి వాజ్ రెజల్యూట్ టు క్లైంబ్’ అని రాస్తారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ ఇంగ్లిష్‌వాళ్ళు సాధారణంగా అలా రాయరు. ‘టు’ పెట్టి క్రియ రాయాలంటే ‘డిటర్మిన్డ్ టు క్లైంబ్’ అనాలి. రెజల్యూట్ తర్వాత ‘ఇన్’ రావాలి: ‘రెజల్యూట్ ఇన్ హర్ డెసిషన్’, ‘రెజల్యూట్ ఇన్ డిఫెండింగ్ హిజ్ రైట్స్’. డిటర్మిన్డ్ రోజువారీ మాట, ఎక్కడైనా వాడొచ్చు. రెజల్యూట్ కాస్త ఇస్త్రీ చొక్కా లాంటిది. వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో, సిఫారసు ఉత్తరాల్లో బాగుంటుంది. మెస్‌లో పప్పు ఇంకో గరిటె అడిగేటప్పుడు వాడితే నవ్వుతారు.

ఇప్పుడు మళ్ళీ ఎర్ర ఇంకు దగ్గరికి వద్దాం. బెర్ట్రండ్ రస్సెల్ అనే తత్వవేత్త 1948లో బి.బి.సి. రేడియోలో ఒక చమత్కారం చేశాడు. ఒకే గుణానికి మనం మూడు పేర్లు పెడతామట. మనలో ఉంటే ఒక మంచి పేరు, ఎదుటివాడిలో ఉంటే కాస్త చేదు పేరు, అక్కడ లేని మూడోవాడిలో ఉంటే తిట్టు. మా అనుభవంలో ఆ మూడోవాడు చాలాసార్లు హాస్టల్ పిల్లవాడే. కారులో దిగే పిల్లవాడు నాకు ఈ గ్రూపే కావాలి అని కూర్చుంటే ‘క్లారిటీ ఉంది’ అంటారు. ట్రంకు పెట్టెతో వచ్చినవాడు అదే మాట అంటే ‘మొండి ఘటం’ అంటారు. సర్టిఫికెట్ మీద పడ్డ మాట మనిషి కంటే ముందు ఆఫీసులోకి వెళ్ళి కూర్చుంటుంది. అందుకే ఏ మాట ఎక్కడ పడుతుందో మనకు తెలియాలి. ప్రవర్తన గడిలో ఏదైనా రాస్తే అర్థం తెలుసుకోకుండా సంతకం పెట్టించవద్దు.

అలాగని ప్రతి ఎర్ర ఇంకూ అన్యాయమేనని మేము అనం. మాలో ఒకరు గ్రూప్ పరీక్షలు నాలుగుసార్లు రాశారు. అవే నోట్సు, అదే పద్ధతి, ఏ పేపర్లో మార్కులు పోతున్నాయో ఒక్కసారి కూడా చూసుకోలేదు. ‘‘నేను పట్టిన పట్టు విడవను’’ అని గర్వంగా చెప్పుకునేవారు. స్నేహితులు చెబితే కోపం. అది రెజల్యూట్ కాదు, ఆబ్‌స్టినేటే. ఆయన ఇప్పుడు ఈ వాక్యం చదివి ఒప్పుకున్నాకే అచ్చుకు పంపుతున్నాం.

మరి ఆ తమ్ముడు ఏ కోవలోకి వస్తాడు? మర్నాడు రాత్రి మళ్ళీ కూర్చున్నాం. ఈసారి మేము వాదించుకోలేదు, వాడినే అడిగాం. ఎందుకు మారనంటున్నావు అని. వాడు రెండు కారణాలు చెప్పాడు. ఒకటి, పాలిటెక్నిక్‌లో చేరాలని ఉంది, అక్కడ పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయట, ఆ కష్టమేదో ఇప్పుడే పడతానన్నాడు. రెండు, లెక్కలు వచ్చు, ప్రశ్నలో ఇంగ్లిష్ అర్థం కాక తప్పాను అన్నాడు. క్వార్టర్లీ పేపర్ తెచ్చి చూపించాడు. నిజమే, అంకెలున్న లెక్కలన్నీ చేశాడు, వాక్యాల్లో ఇచ్చినవి వదిలేశాడు. ‘‘హాఫ్ ఇయర్లీ దాకా చూస్త అన్నా. అప్పుడు గూడ తప్పితే నేనే తెలుగు మీడియంల కూసుంట. గప్పటిదాక పోను’’ అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. కొండెక్కేవాడు పెట్టుకునే గంట లాంటిది వాడు ముందే పెట్టుకున్నాడు. ఆ సంగతి బళ్ళో ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు. అడగనిదే చెప్పడం మన పిల్లలకు రాదు కదా.

తర్వాతి రెండు నెలలు వంతులవారీగా రోజూ పది వాక్యాల లెక్కలు ఇంగ్లిష్‌లో చదివించాం. వాళ్ళమ్మకు వాడే వెళ్ళి, మొండోడని రాసిండ్రు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాడట. ఆమె దండ గుచ్చుతున్న చేయి ఆపకుండానే, ‘‘మొండోనివి గాకపోతే గీడిదాక ఎట్లొస్తివి బిడ్డా’’ అని వేలిముద్ర వేసిందట. హాఫ్ ఇయర్లీలో లెక్కల్లో 41, సైన్సులో 38 వచ్చాయి. పెద్ద మార్కులేమీ కావు, కానీ పాసయ్యాడు. ఆ మీడియంలోనే ఉండిపోయాడు.

మార్కులు వచ్చిన రోజు రాత్రి స్టడీ అవర్లో బోర్డు మీద వాడే సుద్దముక్కతో రాశాడు: ‘ఐ వాజ్ రెజల్యూట్ టు స్టడీ ఇన్ ఇంగ్లిష్ మీడియం’ అని. వెనక బెంచీలో నుంచి ఆరో తరగతి పిల్లలు చప్పట్లు కొట్టారు. మాలో ఒకరు లేచి వెళ్ళి ‘టు స్టడీ’ కొట్టేసి ‘ఇన్ స్టడీయింగ్’ అని దిద్దారు. వాడు ఒక నిమిషం చూసి, ‘‘ఇన్ రెండుసార్లు వస్తుందన్నా, బాగలేదు’’ అని మొత్తం తుడిచేసి, ‘డిటర్మిన్డ్ టు స్టడీ’ అని మళ్ళీ రాసి కూర్చున్నాడు.